పట్టుచీరల ఊరికి మైనం మూట

హిందూపురం వెళ్తున్నానని చెప్పగానే మా తెనాలిలో ప్రతివాళ్ళూ ఒకటే అడిగారు: "అక్కడ చూడ్డానికేముంది?" తెనాలిలో చూడ్డానికి ఏదో పొంగి పొర్లుతున్నట్టు! జలపాతమో, బంగారు గోపురమో ఉంటేనే ఊరికి వెళ్ళాలన్న నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను మాత్రం ఒక గోడౌను కోసం వెళ్ళాను. అది పోతుందా నిలుస్తుందా అన్న తగువులో వేలు పెట్టడానికి వెళ్ళాను. నన్ను ఎరిగినవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు.

ముందు నా సంగతి చెప్పేస్తాను. నేను చదివింది బీయస్సీ కెమిస్ట్రీ. పిల్లలు హాస్టళ్ళకు వెళ్ళాక ఇంట్లో సోయా మైనంతో కొవ్వొత్తులు చేయడం మొదలుపెట్టాను. ఆదివారాలు ఫోన్లో వీడియో పెట్టి నలుగురికి నేర్పిస్తుంటాను. సోయా గింజల నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిస్తే వచ్చేదే సోయా మైనం. వనస్పతికి దగ్గర చుట్టం. మనం కిరాణా కొట్లో కొనే మామూలు కొవ్వొత్తి పెట్రోలియం నుంచి వచ్చిన పారఫిన్. బావిలోంచి తోడినదాని బదులు పొలంలో పండినదాన్ని వెలిగించండి అంటాను నేను. అలాగని సోయా మైనం అమృతమని చెప్పను. అది మెత్తన. ఎండంటే దానికి భయం. సొంతంగా నిలబడలేదు, డబ్బాలోనో గ్లాసులోనో పోయాలి. గుణాలు చెప్పి దోషాలు దాచే వ్యాపారం నాకు చేతకాదు. అందుకే పెద్దగా అమ్మనూ లేదు.

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో హిందూపురం కోడలు నాగరత్న ఒకతె. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున ఫోన్ చేసి, "అక్కా, నువ్వొకసారి రాకుంటే నా గోడౌను పోతాది" అంది. ఏడవలేదు. ఏడ్చుంటే ఫోన్లోనే ఓదార్చి ఊరుకునేదాన్ని.

హిందూపురం: బెల్లం వాసన పోని గోడౌను

ఏప్రిల్ నెలలో పొద్దున్నే చల్లగాలి తగలడం మా కోస్తావాళ్ళకు నమ్మబుద్ధి కాదు. హిందూపురం స్టేషన్లో దిగితే నాకు శాలువా ఉంటే బాగుండుననిపించింది. ఊరు ఎత్తు మీద ఉంది, బెంగుళూరు పక్కనే. మాటలో సగం కన్నడం. ఆటో అతను "దుడ్లు చిల్లర ఉండాయా మేడం?" అన్నాడు. డబ్బులనడానికి అక్కడ అందరూ ఆ మాటే అంటారు.

టిఫినుకి నాగరత్న ఉగ్గాని పెట్టించింది. నానబెట్టి పిండిన బొరుగులను పోపు వేసి, పప్పుల పొడి కలిపి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు. బొరుగులంటే మా మరమరాలే, మాకు సాయంత్రం పిల్లలకు పెట్టేవి, వీళ్ళు వాటితో రోజు మొదలుపెడతారు. మొదట ముఖం చిట్లించాను. తర్వాత రెండో ప్లేటు నేనే అడిగాను.

వాళ్ళది బెల్లం వ్యాపారం చేసిన ఇల్లు. మామగారు పోయాక వ్యాపారం సన్నగిల్లింది. నాగరత్న భర్త వేరే వీధిలో కిరాణా అంగడి చూసుకుంటాడు, ఇంటి తగువుల్లో నోరెత్తడు. బెల్లం గోడౌను మాత్రం మెయిన్ రోడ్డు మీద ఖాళీగా పడి ఉంటే, రెండేళ్ళ క్రితం నాగరత్న ఊడ్చి, కడిగి, అందులో మైనం పొయ్యి పెట్టుకుంది. ఎన్ని కడిగినా గోడల్లోంచి బెల్లం వాసన పోలేదు. మందార రంగు వేసిన తలుపు పక్కన స్టూలు మీద అత్తగారు గౌరమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దాటాయి. చెవులకు కమ్మలు, చేతిలో విసనకర్ర. గాలికి కాదు, చూపించి మాట్లాడడానికి.

"ఈయమ్మేనా నీ టీచరు? యాడిదమ్మా మీది?"

"తెనాలండీ."

"అంతదూరం నుంచి ఒత్తులు చేసేది నేర్పేకి వచ్చినావా? మా ఊర్ల కరెంటు ఉండాదమ్మా."

"మీ ఊర్లో కరెంటు ఎప్పుడూ పోదా?"

"పోతాది. పోతే బ్యాటరీ లైటు ఉండాది."

మొదటి మాటలోనే నేను ఓడిపోయాను. నాకు ఆవిడ నచ్చింది.

తగువు ఇదీ. గౌరమ్మ చిన్న కొడుకు మంజునాథ ఒక సెల్‌ఫోన్ల అంగడాయన్ని పట్టుకొచ్చాడు. గోడౌను అతనికి బాడుగకు ఇచ్చేద్దామంటాడు. గౌరమ్మ కోడలికి ఒక్క అవకాశం ఇచ్చింది. ధర్మవరంలో ఒక్క పట్టుచీరల అంగడి అయినా ఈమె సరుకు వాడుకగా తీసుకుంటానంటే గోడౌను ఈమెదే. లేకపోతే ఈ వారంలో సెల్‌ఫోన్లాయన కొలతలు తీసుకుంటాడు.

"ధర్మవరమే ఎందుకండీ? హిందూపురంలో కొనేవాళ్ళు లేరా?" అన్నాను.

"ఉండారు, చుట్టాలు. మొగమాటానికి తలా ఒకటి కొంటారు. అది యాపారం కాదమ్మా, పెండ్లి సదివింపులు." విసనకర్ర ఒకసారి కదిలింది. "మొగం తెలియనోడు కొనల్ల."

నాగరత్న ఆలోచన బాగానే ఉంది. పెళ్ళిచీరలకు ఎక్కడెక్కడి నుంచో ధర్మవరం వస్తారు. చీర పెట్టెతోపాటు అంగడివాళ్ళు ఒక సువాసన కొవ్వొత్తి కానుకగా ఇస్తే బాగుంటుంది కదా. కానీ తను చేసిన కొవ్వొత్తులన్నీ నడుమ గుంటపడి, బీటలు వారి, వాసనన్నదే లేకుండా ఉన్నాయి. వీడియోలో నేను నేర్పింది ఇది కాదే! ఎదుట చేసి చూపించమన్నాను.

గిన్నెలో మైనం కరిగింది. దించాలి కదా, దించదు. మంట పెంచింది. మైనం పొగలు కక్కుతుంటే గరిటెతో ఒక చుక్క తీసి చల్లని నీళ్ళ గిన్నెలో వేసి, వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఏం చేస్తున్నావే?"

"పాకం చూస్తాండా అక్కా."

నాగరత్న పుట్టింట్లో చెరకు గానుగ ఉంది. చిన్నప్పటి నుంచి బెల్లం వండిన చేతులు. ఏది మరిగినా చుక్క నీళ్ళలో వేసి ఉండ కట్టిందో లేదో చూడకుండా దించలేదు. థర్మామీటరు కొనుక్కుంది, అది మూత కూడా తీయకుండా గూట్లో భద్రంగా ఉంది.

"మైనానికి పాకమేంటి నీ మొహం! బెల్లంలో నీళ్ళు ఆవిరైతే పాకం ముదురుతుంది. ఇందులో నీళ్ళే లేవు, ఏది ముదరాలి? కరుగుతుంది, గడ్డకడుతుంది, అంతే. నువ్వు ఆ మంట మీద మరిగిస్తే నీ సెంటంతా ఆకాశానికి, నీ కొవ్వొత్తి నడుమ గుంట."

"మరి ఎప్పుడు దించల్లో ఎట్ల తెలుస్తాది?"

"ఆ గూట్లో ఉన్నది చెప్తుంది."

గౌరమ్మ తలుపు దగ్గర నుంచే అంది: "నేను ఏడాదిగా చెప్తాండా, దుడ్లు పెట్టి కొన్నది వాడుమే అని."

ఆ రోజంతా థర్మామీటరు ముంచి, తక్కువ వేడిలో, తొందరపడకుండా పోశాం. రేకు డబ్బాల్లో తెల్లగా, నునుపుగా, పాలమీగడలా గట్టిపడ్డాయి. నాగరత్న ముఖం చూడాలి. డబ్బా తర్వాత డబ్బా వాసన చూస్తుంది, మూత పెడుతుంది, మళ్ళీ తీస్తుంది.

సాయంత్రం నా సంచిలోని నమూనాలు బయటపెట్టాను, పాఠం చెప్పందే నాకు నిద్ర పట్టదు కాబట్టి. తవుడు నూనెలోంచి వచ్చే మైనం ఒకటి. బ్రెజిల్లో తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి రాల్చే మైనం ఒకటి, యాపిల్ పళ్ళ మీద మెరుపు, మందుబిళ్ళల మీద నునుపు అదే. ఇంకొకటి ఆముదపు మైనం, ఆముదాన్ని కూడా సోయా లాగే గట్టిపరిస్తే వస్తుంది. రాయిలా ఉంటుంది. కరగడానికి బాగా వేడి కావాలి.

"అట్లయితే దీనికి నా మంట సరిపోతాది" అంది నాగరత్న. నేను వద్దనేలోపల మిగిలిన సోయా మైనంలో ఆముదపు మైనం పలుకులు వేసి పొయ్యి మీదకెక్కించింది. దేవుడి బుట్టలో ఎండిన దవనం కొమ్మలుంటే నలిపి అందులో వేసింది. చుక్క తీసి నీళ్ళలో వేస్తే గింజలా గట్టిపడింది. పళ్ళెం మీదకు విసిరితే టంగుమంది. "ముదురు పాకం!" అని నన్ను చూసి నవ్వింది. మూలన పడున్న అచ్చుబెల్లం చెక్క అచ్చుల్లో పోసేసింది.

"పిచ్చి పని. ఇంత గట్టి మైనానికి వత్తి పెడితే సరిగ్గా వెలగదు. వెలిగినా ఆ ఎండాకు అంటుకుంటుంది."

"వెలిగించకుంటే?"

"వెలిగించని కొవ్వొత్తి ఎందుకే?"

"ఊరికే. వాసన బాగుండాది." బెల్లం అచ్చుల్లాంటి ఆ బిళ్ళల్ని తీసి ప్రయాణానికి సర్దుకున్న తన బట్టల సంచిలో చీరల మధ్య పడేసుకుంది.

రాత్రి రాగి సంగటి, ఆకుకూర పప్పు, చెనక్కాయల పచ్చడి, అంటే మా వేరుశెనగలే. సంగటి ముద్దను నేను శ్రద్ధగా నములుతుంటే గౌరమ్మ తల కొట్టుకుంది. "నమలకూడదమ్మా, మింగల్ల!" నమలకుండా మింగడం ఏ సైన్సు ఒప్పుకుంటుందని వాదించాను. మింగి చూశాక వాదన మానేశాను.

పెనుకొండ: బానెట్ మీద పెట్టిన బుద్ధి

మర్నాడు ధర్మవరం దారిలో పెనుకొండలో ఆగాం. ఒకప్పుడు రాజులు ఉన్న ఊరు. కొండ చుట్టూ కోటగోడలు ఇప్పటికీ బింకంగా నిలబడి ఉన్నాయి. దగ్గర్లో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక హోటలు బోర్డుల మీద తెలుగు కింద కొరియా అక్షరాలు కూడా కనిపిస్తాయి. ఒక బోర్డు కింద నిలబడి, ఇడ్లీని కొరియా భాషలో ఏమని రాసి ఉంటారా అని కాసేపు ఆలోచించాను. అడగడానికి కొరియావాళ్ళు ఎవరూ కనిపించలేదు.

ఇక్కడి దర్గాకు అన్ని మతాలవాళ్ళూ వస్తారు. దగ్గరి అంగళ్ళలో ఊదువత్తులు, పూలు, కొవ్వొత్తులు అమ్ముతారు. ధర్మవరం కాక ఇంకో ఆధారం దొరికితే మంచిదే కదా అని నా ఎత్తు. నెరిసిన గడ్డం అంగడాయన మా డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుండాదమ్మా. కానీ ఇది డబ్బాలో ఉండాది. ఈడికొచ్చేటోళ్ళు ఒత్తి వెలిగించి, రొంత మైనం బండ మీద కార్చి, దాంట్లో నిలబెడ్తారు. దీన్ని ఎట్ల నిలబెట్టేది?"

"డబ్బాతో పెట్టొచ్చు కదండీ. మైనం కారదు, బండ పాడవదు, మసి తక్కువ."

"డబ్బా ఎవురు తీయల్ల?"

"మళ్ళీ నింపుకోవచ్చు!"

నేను పారఫిన్ పుట్టుక నుంచి మొదలుపెట్టి సోయా చేను దాకా వచ్చాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. మధ్యలో ఇద్దరికి పూలు అమ్మాడు. నేను ఆగాక అన్నాడు: "మేడం, నువ్వు చెప్పిందంతా కరెక్టే. కానీ కొనేది నువ్వు కాదు గదా." తర్వాత గడ్డంతో నేల వైపు చూపించాడు. "అమ్మయ్యా, మీ సంచి చూసుకోండి ముందు."

సంచి అడుగు తడిసి ఉంది.

తప్పు బస్సులో జరిగింది. జనం ఎక్కువగా ఉన్నారని కండక్టరు మా డబ్బాల సంచి తీసి డ్రైవరు పక్కన ఇంజను బానెట్ మీద పెట్టాడు. నేనే థాంక్స్ కూడా చెప్పాను. కింద ఇంజను సెగ, అద్దంలోంచి ఎండ. హిందూపురం చల్లదనంలో మీగడలా నిలిచిన మైనం మూతల కింద కరిగి, ఒక పక్కకు ఒరిగి, నూనె చెమర్చింది. సెంటు నూనె బొట్లు బొట్లుగా డబ్బా అంచుల మీంచి కారింది.

అంగడాయన డబ్బాలన్నీ తీసి లోపల నీళ్ళ కుండ పక్కన నీడలో వరసగా పెట్టాడు. మాకు చెరో గ్లాసు మజ్జిగ తెప్పించాడు. దుడ్లు తీసుకోలేదు. మా ఊర్లో అయితే సరుకు కొననివాడు మజ్జిగ దాకా రాడు.

నాగరత్న మెట్టు మీద కూర్చుంది. "తిరిగి పోదాంలేక్కా. ఈడికే ఇట్లయితే ధర్మవరం ఎండకు ఏముంటాయి? మంజు చెప్పింది నిజమే. గోడౌనుకు బాడుగ వస్తాది, నాకేం వస్తాది."

"బాడుగ వస్తుంది సరే. నీకు ఆ గోడౌను ఎందుకు కావాలి? అది చెప్పు."

మజ్జిగ గ్లాసు మెట్టు మీద పెట్టింది. "ఇంట్ల అయిదు నిమిషాలకొకసారి ఎవురో ఒకరు నా పేరు పిలుస్తారక్కా. అత్తకు మాత్రలు, పిల్లోళ్ళకు టిఫిను, అంగడి నుంచి ఫోను. గోడౌను తలుపు వేసుకున్యానంటే ఎవురూ పిలవరు. ఆడ నేను చేసింది నేనే చెడగొట్టుకుంటా, నేనే బాగు చేసుకుంటా. బాడుగకు పోయిందంటే మళ్ళా నాకు అట్లా తలుపు యాడుంటాది?"

ఎదుటివాళ్ళ మాటలో పట్టు దొరికితే ఎదురు చెప్పడం నా అలవాటు. ఈ మాటలో దొరకలేదు. "లే. ధర్మవరం వెళ్ళి వద్దనిపించుకుని వద్దాం. ఇంట్లో కూర్చుని మనకు మనమే వద్దనుకోవడం దేనికి?" అన్నాను.

అంగడాయన గట్టిపడిన డబ్బాలు సంచిలో సర్దిచ్చి, "పైకి బాగనే ఉండాయి. లోపలే రొంత దిగులుగా ఉండాయి" అన్నాడు. నాగరత్నకు నవ్వొచ్చింది.

ధర్మవరం: దుప్పటికి తేడా తెలియదు

ధర్మవరంలో ఎండ నెత్తి మీద పడదు, గోడల్లోంచి, నేలలోంచి, తాగే నీళ్ళలోంచి వస్తుంది. మగ్గాల చప్పుడు మాత్రం ఏ సందులోకి వెళ్ళినా వినిపిస్తుంది. మా వైపు మంగళగిరిలో నూలు మగ్గాలు చూశాను. ఇక్కడ పట్టు కాబట్టి మనుషులు కూడా మెత్తగా నడుస్తున్నట్టు నాకు తోచింది.

నాగరత్న పెళ్ళిచీర కొన్న అంగడికే వెళ్ళాం. ముందుగది అంగడి, వెనక మగ్గాలు, మధ్యలో ఇల్లు. యజమాని ఓబులేసు, భార్య పద్మావతి. గడప దగ్గరే పద్మావతి చెంబుతో నీళ్ళూ, సబ్బూ ఇచ్చింది. ఎవరొచ్చినా చేతులు కడుక్కుని, తుడుచుకుని లోపలికి రావాలి. ఆ ఇంట్లో దేవుడి దీపం కూడా పట్టున్న గదిలో ఉండదు, వెనక వరండాలో గూట్లో ఉంటుంది. నూనె చేతితో పట్టు తాకితే ఆ చీర ఇక పెళ్ళికి పనికిరాదట. మా ఇళ్ళలో కాళ్ళు కడుక్కోమంటారు, ఇక్కడ చేతులు.

పరుపు మీద పరిచిన తెల్ల దుప్పటి మీద కూర్చున్నాం. నాగరత్న వినయంగా కానుక సంగతి చెప్పి, సంచి దుప్పటి మీద పెట్టి ఒక డబ్బా తీసింది. తీసిన చోట దుప్పటి మీద అరచేయంత జిడ్డు మరక మిగిలింది. సంచి దారిలో మళ్ళీ కారింది.

ఓబులేసు అయితే పాము కనిపించినట్టు లేచాడు. పక్కనున్న చీరలను రెండు చేతులా ఎత్తి గోడవైపు విసిరేశాడు. "ఏమ్మా, పట్టంగట్ల నూనె డబ్బా పెడ్తావా?"

"నూనె కాదన్నా, మైనం..."

"నా దుప్పటికి ఆ తేడా తెల్దు!"

చీరలకేమీ కాలేదు. అయినా ఇక మాట్లాడడానికి ఏముంది? నేను సోయా మైనం తరఫున నోరు తెరిచాను, నాగరత్న నా మోచేయి నొక్కింది. సంచి తీసుకుని గుమ్మం బయట పెట్టింది. వంగి దుప్పటి మడవబోయింది. అలా వంగినప్పుడు పద్మావతి ముక్కు ఎగబీల్చింది.

"నీ చీరకు ఏం పూసుకున్యావు పాపా? దవనం వాసన వస్తాండాది."

"ఏం పూసుకోలేదక్కా. బట్టల సంచిలో దవనం బిళ్ళలు పడేసింటి, దాని వాసన."

"తే, చూస్తాను."

నాగరత్న నా వైపు చూసింది. వెలిగించని కొవ్వొత్తి ఎందుకే అన్న ముఖం ఇప్పుడు ఎటు పెట్టుకోవాలో నాకు తెలియలేదు. తన బట్టల సంచి బయట వరండాలో విప్పి బిళ్ళలు తెచ్చింది. బస్సులూ, ఎండా, ఆ దారంతా వాటినేమీ చేయలేదు. గట్టిగా, పొడిగా, అచ్చుబెల్లం గురుతులతో అలాగే ఉన్నాయి.

పద్మావతి ఒకటి చేతిలో రుద్దింది. చేయి మొగుడి ముఖం ముందు పెట్టింది. "జిడ్డుండాదా? చూడప్పా." తర్వాత మా వైపు తిరిగింది. "మా చీరలు కొనేటోళ్ళందరూ ఒకటే మాట. బీరువాలో కలరా ఉండలు వేస్తే ఆ వాసన చీరకు పట్టి వదలదు, పెండ్లిలో కట్టుకుంటే పక్కనోళ్ళు ముక్కు మూసుకుంటారని. జరీ మీద పడితే నలుపెక్కుతాదని మేమే వద్దంటాం. బదులు ఏం వేయాలంటే మా కాడ జవాబు లేదు."

ఓబులేసు బిళ్ళను దూరంగా పట్టుకుని చూశాడు. "ఇది వేస్తే పురుగు రాదు గదా?"

నాగరత్న పెదవులు విడివడ్డాయి. రాదన్నా అని అనబోతోంది. గోడౌను మొత్తం ఆ ఒక్క మాట మీద ఉంది. నాకు తెలుసు, తెలిసీ నోరు ఊరుకోలేదు. "అది చెప్పలేమండీ. మేము పరీక్షించలేదు. వాసన బాగుంటుంది, నూనె కారకపోవచ్చు. అంతవరకే."

నాగరత్న నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

"నా అంగట్లో కూసోని ఏదైనా అమ్మేకి వచ్చినోడు 'చెప్పలేం' అన్న మాట అనగా నేను వినలేదు" అన్నాడు ఓబులేసు. పొగడ్తో తిట్టో తెలియలేదు. లోపలికెళ్ళి మగ్గం దగ్గర మిగిలిన పట్టు గుడ్డముక్క ఒకటి తెచ్చాడు. లేత గులాబీ రంగు, మరక పడితే దాగని రంగు. బిళ్ళను అందులో చుట్టి మిద్దెక్కాడు. నడినెత్తిన ఎండలో, బండ మీద పెట్టి దిగొచ్చాడు. "పొద్దు వాలేదాకా ఉండనీ. బీరువా ఇంతకంటే ఎక్కువ కాగదు."

భోజనం అక్కడే. పద్మావతి ఓళిగలు పెట్టింది. మా బొబ్బట్లే, కానీ పలచగా, వెడల్పుగా, నేతిలో ముంచి. అన్నంలోకి చెనక్కాయల పొడి. మా ఊర్లో బొబ్బట్టు పూర్ణం బరువుతో తెలుస్తుంది, వీళ్ళది రేకు సన్నదనంతో. ఏది గొప్పో మూడోది తిన్నాక చెప్తానన్నాను. నాగరత్న మొదటిది కూడా ముట్టలేదు. మెట్లవైపే చూస్తోంది.

మధ్యలో గుసగుసగా అడిగింది. "రాదని చెప్పుంటే ఏమయ్యేదక్కా?"

"ఈ ఏడాది తీసుకునేవాడు. వచ్చే ఏడు ఎవరి చీరకో చిల్లు పడితే ఆ చీర తెచ్చి నీ గోడౌను తలుపు మీద ఆరేసేవాడు."

"నాకు వచ్చే ఏడు వద్దక్కా, ఈ ఏడాది కావల్ల" అంది. ఆమె ముట్టని ఓళిగను ఆమె వైపు జరిపాను.

పొద్దు వాలాక నలుగురం మిద్దెక్కాం. బండ చెప్పుల్లోంచి కాలుతోంది. ఓబులేసు కూర్చుని గుడ్డ మడతలు ఒక్కొక్కటే విప్పాడు. బిళ్ళ అంచులు కొంచెం గుండ్రమయ్యాయి, కరగలేదు. గుడ్డను ఎత్తి పడమటి వెలుగుకు పట్టాడు. నూనె మరక లేదు. కానీ ఒక చోట, ఆవగింజంత, పసుపుపచ్చ చుక్క. దవనం ఆకు తునక ఒకటి బిళ్ళలోంచి ఊడి అంటుకుంది.

"మరక" అన్నాడు ఓబులేసు.

"ఆకు రంగు అది, మైనం కాదు" అన్నాను.

"మరక మరకే గదమ్మా."

నాగరత్న ముందుకు జరిగింది. గుడ్డ అతని చేతిలోంచి తీసుకుంది. "అన్నా, దీన్ని చీర మీద ఎందుకు పెట్టల్ల? తెల్ల మల్లు గుడ్డతో చిన్న సంచి కుట్టి, నాడా పెట్టి, బీరువా కొక్కానికి తగిలిస్తే చీరను ముట్టనే ముట్టదు. పెట్టెలో కూడా వేయొద్దు. చీర కొన్నోళ్ళ చేతికివ్వు, ఎట్ల తగిలించల్లో చెప్పు. పురుగు సంగతి అడిగితే తెల్దని చెప్పు. ఎవురికీ అబద్ధం చెప్పే పని లేదు."

పద్మావతి మొగుడి వైపు చూసింది. "నా బీరువాకు రెండు" అంది.

"నీ బీరువా యాపారం కాదు" అన్నాడు ఓబులేసు. కానీ గుడ్డముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. సంచిలో ఉంటే తీసుకుంటా. పెండ్లి చీరకొకటి."

నాగరత్న అక్కడే మిద్దె మీద అత్తకు ఫోన్ చేసి బిళ్ళల సంగతీ, సంచి సంగతీ చెప్పింది. గౌరమ్మ నమ్మలేదు. "ఆయప్పకు ఇయ్యి ఫోను" అంది. స్పీకరు పెట్టాం.

"ఎవురు? పట్టంగడి ఓబులేసేనా, నా కోడలు దారిన పోయేటోడిని పట్టుకోని మాట్లాడిస్తాండాదా?"

"నేనేనమ్మా. మీ కొడుకు పెండ్లికి చీరలు నా కాడే గదా తీసుకున్యారు."

"ఔ. కొంగుకు కుచ్చులు కట్టినదానికి వేరేగా అడిగినావు. మర్సిపోలే. ఇప్పుడు ఈ సంచి ఎవురు కుట్టల్ల?"

"మీరే కుట్టల్ల."

"గుడ్డ ఎవురిది?"

ఓబులేసు తల గోక్కున్నాడు. పద్మావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మాదే లేమ్మా."

"నీదే మరి. పట్టంగట్ల గుడ్డకేం కరువు. ఎన్ని దినాలు తీసుకుంటావు?"

"ముందు ఈ పెండ్లిండ్లకు చూస్తాం. జనం అడిగితే..."

"జనం అడగరప్పా. చేతిలో పెడితే తీసుకుంటారు. నేను బెల్లం అమ్మినదాన్ని, నాకు చెప్పొద్దు. ఏడాదికని చెప్పు, లేదంటే లేదని చెప్పు."

నాగరత్న కళ్ళు మూసుకుంది. నాకైతే ఫోన్ లాక్కుని, పెద్దమ్మా, కాస్త తగ్గండి అని చెప్పాలనిపించింది. నన్ను మించి వాదించేవాళ్ళను పక్కనుండి చూడడం అదే మొదటిసారి. ఓబులేసు భార్య వైపు చూశాడు, ఆవిడ తల ఊపింది.

"సరేమ్మా. ఏడాది."

అవతల దూరం నుంచి ఒక మగగొంతు, "అమ్మా, ఈ పక్క గోడ కాడ కూడా పట్టుకొమ్మంటాడు, జరుగు" అంది. మంజునాథ. సెల్‌ఫోన్ల అంగడాయన అప్పటికే గోడౌనులో టేపు పట్టుకుని ఉన్నాడు.

"మంజూ, ఆ టేపు చుట్టమను. ఆయప్పకు కాఫీ తాపిచ్చి పంపు. గోడౌను ఖాళీ లేదు."

"మాటిచ్చినాం గదమ్మా!"

"నువ్విచ్చినావు. నేను మీ వదినకిచ్చినా. నాది ముందుది."

ఇంకేదో రుసరుసలు వినిపించాయి, తలుపు చప్పుడు, తర్వాత మళ్ళీ గౌరమ్మ. "నాగరత్నా, ఉండావా?"

"ఉండానత్తా."

"ఆ తెనాలామెను కూడా పిల్చుకోని రా. గట్టి మైనానికి రెండో పొయ్యి యాడ పెట్టల్లో ఆయమ్మనే చెప్పి పొమ్మను. నేను చెప్తే ఒప్పుకోదు, దేనికైనా వాదిస్తాది."

ఆ రాత్రి రైలుకు తెనాలి వైపు నాకు టికెట్టు ఉంది. ధర్మవరం స్టేషన్లో రెండు ప్లాట్‌ఫారాల మధ్య, పొయ్యి కిటికీ పక్కన ఉండాలా తలుపు పక్కన ఉండాలా అని నాగరత్న, నేను అప్పటికే తగాదా పడుతున్నాం. హిందూపురం బండి ముందొచ్చింది. ఎక్కేశాను.